1966 లె మాన్స్ నల్ల జీటీ40, 1/24లో కడుతున్నా: మన ఎండలో, దుమ్ములో నల్ల రంగు ఎలా వేయాలి?

పెన్నగట్టు (అనంతపురం)
అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ రాసింది తక్కువ. ఫోర్డ్ జీటీ40 మార్క్ 2 రేసు కారు, 1/24 (అసలు కారులో 24వ వంతు సైజు) ప్లాస్టిక్ కిట్ మొదలుపెట్టా. 1966 జూన్ 18, 19 తేదీల్లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన 2వ నంబరు బండి, అదే బ్రూస్ మెక్‌లారెన్, క్రిస్ ఆమన్ నడిపింది. నలుపు బాడీ, మీద వెండి గీతలు. వెనక మూత మీద బ్రేకులకు గాలి పోవడానికి రెండు పెద్ద గొట్టాలు లేచి ఉంటాయి చూడండి, ఆ ముక్కలు అతికించి లప్పం పెట్టి ఎమరీ కొట్టేశా. ఇంజన్ పక్కన పెట్టుకున్నా, 7 లీటర్ల వీ8, దానికి వైర్లు నేనే లాగుతా.

ఇప్పుడు వచ్చి ఆగింది రంగు దగ్గర. మా ఊరి సంగతి తెలిసిందే కదా, ఆషాఢం గాలి మొదలైందంటే కిటికీలన్నీ మూసినా సాయంత్రానికి టేబుల్ మీద వేలితో పేరు రాయొచ్చు. వేరే రంగైతే ఏదో కప్పిపుచ్చుకోవచ్చు, గ్లాస్ నలుపు మీద ఒక్క నూగు పడినా కనబడిపోతుంది. ఎయిర్‌బ్రష్, చిన్న కంప్రెసర్ ఉన్నాయి. స్ప్రే బూత్ అంటూ ఏమీ లేదు, ఒక అట్టపెట్టె, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను అంతే. ఎవరైనా రాయలసీమ ఎండల్లో నలుపు వేసినవాళ్ళు ఉంటే చెప్పండన్నా.

ఆటోనగర్_రంగులు (కర్నూలు)
తమ్ముడూ, పెద్ద కార్లకు రంగు వేయడమే నా పని, చిన్నవి సరదాకు వేస్తా, కాబట్టి రెండింటికీ తేడా తెలుసు. మొదట సమయం. ఎండాకాలంలో పది దాటాక గన్ ముట్టుకోవద్దు. 40 డిగ్రీల పొడి ఎండలో థిన్నర్ గన్ మూతి నుంచి బాడీ దాకా పోయేలోపే ఆరిపోతుంది, రంగు తడిగా పడాల్సింది పొడిగా పడుతుంది, చేత్తో తడిమితే గరగర. జనం దాన్ని దుమ్ము అనుకుంటారు, సగం కేసుల్లో అది దుమ్ము కాదు, గాల్లోనే ఆరిన రంగు. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడు, లేదంటే ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ నాలుగు చుక్కలు కలుపు, గన్ కొంచెం దగ్గరగా పట్టుకో. తెల్లవారి ఐదు, ఐదున్నరకి వేస్తే గాలి కూడా పడి ఉంటుంది.

రెండోది, నేల తడుపు. బట్టతో తుడిచి వదిలేయడం కాదు, నీళ్ళు చల్లి ఉంచు. ఫ్యాను ముందే తిప్పి ఆపేయి. పొడి వాతావరణంలో ప్లాస్టిక్‌ను గుడ్డతో ఎంత రుద్దితే అంత స్టాటిక్ పుడుతుంది, అదే దుమ్మును లాక్కుంటుంది. అందుకని సబ్బునీళ్ళతో కడిగి, ఊరికే ఆరనిచ్చి, రంగు వేసే ముందు కాస్త తడి చేత్తో ఒకసారి తడుము చాలు.

మూడోది చాలా ముఖ్యం. మా షాపుల్లో దొరికే మామూలు ఎన్‌సీ థిన్నర్ నేరుగా కిట్ ప్లాస్టిక్ మీద పడిందా, కరుగుతుంది. ప్రైమర్ లేకుండా డ్యూకో (కార్లకు వేసే రంగు) వేయొద్దు. ముందు కిట్ ముక్కలు పట్టుకుని ఉండే ఆ ఫ్రేము మీద వేసి చూడు.

వెండి గీతలకు మాత్రం మా దగ్గరి కార్ సిల్వర్ కొనొద్దు. అందులో రేకు గింజ పెద్దది. మారుతీ మీద బాగుంటుంది, 1/24లో పండక్కి చల్లిన తళుకుపొడిలా మెరుస్తుంది. మోడల్స్ కోసమని అమ్మే సన్న సిల్వర్ తెప్పించుకో.

మూడడుగుల_దూరం (అనంతపురం)
ఏమప్పా, ఇంత టెన్షన్ ఎందుకు? మూడడుగుల దూరం నుంచి చూస్తే నల్ల కారు నల్ల కారే. ఇంటికొచ్చినోళ్ళు "భలే ఉందే, రిమోట్ యాడ?" అని అడుగుతారు, అంతే.

బురుజు_మాస్టారు (కర్నూలు)
రంగు విషయం మన పెయింటర్ గారు చెప్పేశారు, నేను చేర్చేది లేదు. నేను అడిగేది వేరే. పెన్నగట్టు గారూ, 2వ నంబరు కారు అన్నారు, బాగుంది. ఏ గంటలో ఉన్న కారు?

ఎందుకు అడుగుతున్నానంటే, అది ఊరికే చాదస్తం కాదు. మెక్‌లారెన్‌కు ఫైర్‌స్టోన్ కంపెనీతో ఒప్పందం ఉండేది, అందుకని ఆ బండి ఫైర్‌స్టోన్ టైర్లతో రేసు మొదలుపెట్టింది. ఆ టైర్లు ముక్కలు ముక్కలుగా ఊడిపోవడం మొదలయ్యేసరికి మధ్యలో గుడ్‌ఇయర్‌కు మార్చుకున్నారు. కాబట్టి మీరు శనివారం సాయంత్రం నాలుగు గంటల కారు కడుతుంటే టైరు గోడ మీద ఒక పేరు, ఆదివారం నాలుగు గంటల కారు కడుతుంటే ఇంకో పేరు. తళతళలాడే శుభ్రమైన బాడీకి గుడ్‌ఇయర్ టైర్లు వేసి అల్మారాలో పెట్టారనుకోండి, అలాంటి కారు ఆ రెండు రోజుల్లో ఏ నిమిషంలోనూ లేదు. కిట్ పెట్టె మీద బొమ్మ మాత్రం సాధారణంగా అలాగే ఉంటుంది!

ఇంకోటి, ఇంటర్నెట్‌లో మీకు ఎక్కువగా దొరికే రంగుల ఫోటోలు ఆ రేసువి కావు. ఆ కారు ఛాసిస్ నంబరు పీ/1046. లె మాన్స్ తర్వాత దానికి వేరే రంగు వేసి మళ్ళీ రేసులకు తీసుకెళ్ళారు, చేతులు మారింది, చివరికి 50 ఏళ్ళ సందర్భానికి, 2016 నాటికి, మళ్ళీ 1966 రూపానికి తెచ్చారు. బాగా తెచ్చారు, కాదనను. కానీ బాగుచేసిన కారులో గీత అంచు, పెయింట్ మెరుపు, ఇంజన్ దగ్గర పైపుల బిగింపులు ఇవన్నీ నేటి చేతులవి. 1966లో రేసు కోసం వర్క్‌షాపులో వేసిన రంగుకు అంత మెరుపు ఎక్కడిది? ఇక సినిమాల కోసం చేసిన నకలు కార్ల ఫోటోలు కూడా వీటిలో కలిసిపోతున్నాయి, అవి చూసి కొలతలు తీస్తే గోవిందా.

కాబట్టి ముందు ఒక ఫోల్డరు పెట్టుకోండి, అందులో ఆ రెండు రోజుల్లో తీసిన ఫోటోలే ఉండాలి, వాటినీ పగలు, రాత్రి, ముగింపు అని విడదీయండి. రంగు డబ్బా తర్వాత తెరవొచ్చు.

పెన్నగట్టు (అనంతపురం)
మాస్టారూ, టైర్ల సంగతి తెలీదు నాకు. కిట్‌లో రెండు రకాల డెకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అతికించే బొమ్మలు, అక్షరాలు) ఎందుకిచ్చారా అనుకుంటున్నా. నాకు ముగింపు కారే కావాలి. ఆ మూడు ఫోర్డులు వరసగా వచ్చే ఫోటో చూసే కదా ఈ కిట్ కొన్నది.

మూడడుగుల_దూరం (అనంతపురం)
మాస్టారు గారికి దండం. కానీ నాకో అనుమానం. ఆ ముగింపే ఒక నాటకం కదా. ఫోర్డోళ్ళు ఫోటో బాగా రావాలని, ముందున్న 1వ నంబరు బండి డ్రైవరు కెన్ మైల్స్‌ను నెమ్మదించమని చెప్పి మూడు బండ్లు కలిపి నడిపించారు. సమానంగా దాటితే ఇద్దరూ గెలిచినట్టే అనుకున్నారు, తీరా చూస్తే స్టార్టింగ్‌లో మెక్‌లారెన్ కారు వెనకాల నిలబడింది కాబట్టి అది ఎక్కువ దూరం నడిచినట్టని దానికిచ్చారు. 24 గంటలు, 360 ల్యాపులు, 4,800 కిలోమీటర్ల పైన తోలి, కొన్ని మీటర్ల లెక్కతో మైల్స్ ఓడిపోయాడు. మరి అంత నాటకంలో టైరు మీద పేరొక్కటే నిజం కావాలా? నేనైతే 1వ నంబరు లేత నీలం కారు కట్టి, నా అల్మారాలో దాన్నే ముందు పెడతా. పెట్టా కూడా.

బురుజు_మాస్టారు (కర్నూలు)
మీ అల్మారా, మీ తీర్పు. అందులో నాకు అభ్యంతరం లేదు. అసలు మీరు చెప్పింది నా మాటకే బలం. పోటీ ఫలితమే కొన్ని మీటర్లతో తేలిన రేసు అది. 1969లోనూ దాదాపు అదే కథ, 24 గంటల తర్వాత జాకీ ఇక్స్ జీటీ40కి, హాన్స్ హెర్మన్ పోర్షేకి మధ్య తేడా దాదాపు 120 మీటర్లు.

ఇక కొలతలు. జీటీ40 అన్న పేరే ఎత్తు నుంచి వచ్చింది, 40 అంగుళాలు, అంటే 1,016 మిల్లీమీటర్లు. 1/24లో 42 మిల్లీమీటర్ల పైన కొంచెం. మోడల్‌లో ఒక మిల్లీమీటరు పైకి కూర్చుందంటే అసలు కారు 24 మిల్లీమీటర్లు లేచినట్టు. నేలను కరుచుకుని పోయే బండి అది, 24 మిల్లీమీటర్లు లేస్తే మూడడుగుల దూరం నుంచి కూడా కంటికి తెలిసిపోతుంది, ఎందుకు తప్పుగా ఉందో చెప్పలేరు అంతే. నేను చూసిన మోడల్స్‌లో పదింటికి ఎనిమిది రంగులో కాదు, కూర్చునే తీరులో పోతాయి.

ఫోటో నుంచి కొలత తీయడం ఇలా. పక్క నుంచి, దూరం నుంచి తీసిన ఫోటో ఎంచుకోండి, దగ్గర నుంచి తీసింది ముక్కును పెద్దది చేస్తుంది. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు అసలు కారులో 95 అంగుళాలు, 2,413 మిల్లీమీటర్లు. ఫోటోలో అదే దూరం 804 పిక్సెల్స్ వచ్చిందనుకోండి, ఒక పిక్సెల్ అంటే 3 మిల్లీమీటర్లు. ఇప్పుడు టైరు పైఅంచుకూ రెక్క అంచుకూ మధ్య సందు ఎన్ని పిక్సెల్సో లెక్కపెట్టి, 3తో గుణించి, 24తో భాగించండి. వచ్చిన సందు మీ మోడల్‌లో ఉందా లేదా చూసుకోండి. కిట్‌లో ఆ చక్రాల మధ్య దూరం 100.5 మిల్లీమీటర్లు ఉండాలి. సన్న కొలతలు తీసే వెర్నియర్ లేకపోతే ఇంజనీరింగ్ పిల్లల దగ్గర అడిగి తెచ్చుకోండి.

కడపబండ (కడప)
మాస్టారు కూర్చునే తీరు అన్నారు కాబట్టి నా పేరు సార్థకం చేసుకునే అవకాశం వచ్చింది 😀 కొలవడానికి ముందు కింద సమంగా ఉండే చోటు కావాలి కదా. మన వంటింటి గట్టుకు వేసే నల్ల బండ, పాలిష్ పట్టింది, ఒకడుగు ముక్క తెచ్చుకోండి. మా ఊళ్ళో అయితే బండల షాపు బయట పడేసిన ముక్కలే ఉంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు. నీళ్ళతో కడిగి, మీద స్టీలు స్కేలు నిలబెట్టి అవతల నుంచి లైటు వేసి చూడండి, కింద వెలుతురు కారకుంటే అది మీ బండ. వెలుతురు కనిపిస్తే ఇంకో ముక్క.

దాని మీద ఛాసిస్ నాలుగు చక్రాలతో పెట్టి, ఒక్కో టైరు కింద సిగరెట్ డబ్బాలో ఉండే సన్న కాగితం పట్టీ దూర్చి లాగండి. నాలుగూ ఒకేలా బిగుతుగా రావాలి. ఒకటి సులువుగా జారిందంటే ఆ చక్రం గాల్లో ఉన్నట్టే, యాక్సిల్ అటువైపు వంగింది. జిగురు పూర్తిగా పట్టకముందే చూసుకుంటే వేలితో సర్దొచ్చు, తర్వాతైతే కోయాలి. అదే బండ మీద ఎమరీ పేపరు నీళ్ళతో అతికించి బాడీ అడుగు అంచు రుద్దితే తిన్నగా వస్తుంది.

నేను డెంటల్ ల్యాబ్‌లో పళ్ళు చేసే పని చేస్తా. పళ్ళ అచ్చుకు వాడే సిలికాన్ పుట్టీ ఉంటుంది కదా, మోడల్స్‌కు బంగారం అది. కిట్‌లో ఒక చక్రం బాగా వచ్చి ఇంకోదానికి గుంట పడిందనుకోండి, బాగున్నదాన్ని ఆ పుట్టీలో అచ్చు తీసి, మేము వాడే సెల్ఫ్ క్యూర్ యాక్రిలిక్ (దానంతటదే గట్టిపడేది) పోస్తే సాయంత్రానికి ఇంకో చక్రం రెడీ. బుడగలు రాకుండా ముందు అచ్చు లోపల కుంచెతో పలచగా పూసి, తర్వాత పోయాలి. దాని వాసన ఘాటు, తలుపు తీసి పెట్టుకోండి.

ఇక డెకాల్స్. అనంతపురం బోరు నీళ్ళతో మాత్రం డెకాల్ నానబెట్టొద్దు తమ్ముడూ! ఆ నీళ్ళలో ఉప్పు ఎంతో నీకు తెలుసు, గీజర్ రాడ్ చూడు. డెకాల్ కింద ఆరిన నీటి చుక్క తెల్ల మరక వదులుతుంది, నలుపు మీద ఆ మరక జన్మలో పోదు, ఎందుకంటే అది డెకాల్ కింద ఉంది. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ సీసా కొను, గోరువెచ్చగా చేసి అందులో నానబెట్టు.

టెన్త్_బి (ప్రొద్దుటూరు)
అన్నా నేను టెన్త్. నా దగ్గర హాట్ వీల్స్ మాత్రమే ఉన్నాయి, అందులో ఒక పోర్షే 917 ఉంది. దానికి రంగు మార్చొచ్చా? ఇంకో డౌట్, 24 గంటలు ఒకడే తోలుతాడా? నిద్ర రాదా?

లేయర్‌లైన్ (అనంతపురం)
టెన్త్_బి తమ్ముడూ, ఒకడే కాదు, ఆ రోజుల్లో ఇద్దరు వంతులవారీగా తోలేవాళ్ళు, ఇప్పుడు ముగ్గురు. మన దేశం నుంచి కరుణ్ చందోక్ 2012లో తోలాడు, ముగ్గురి జట్టు, ఆరో స్థానం వచ్చింది. హాట్ వీల్స్‌కు రంగు నిక్షేపంగా మార్చొచ్చు. అడుగున రివెట్ ఉంటుంది, అది డ్రిల్‌తో తీయాలి, పెద్దవాళ్ళు ఎవరైనా పక్కన ఉన్నప్పుడే చెయ్. 917కి భలే రంగులున్నాయి. 1970లో గెలిచిన 23వ నంబరుది ఎరుపు తెలుపు, పోర్షేకు అక్కడ అదే మొదటి గెలుపు. 1971లో ఒకదానికి గులాబీ రంగు వేసి, మాంసం కొట్టులో పందిని ఎలా ముక్కలు చేస్తారో అలా చుక్కల గీతలు గీసి ఒక్కో భాగానికి పేరు రాశారు. నిజంగా! టెన్త్ పరీక్షలు అయ్యాక మొదలుపెట్టు కానీ.

పెన్నగట్టు అన్నా, నేను కాలేజీలో 3డీ ప్రింటింగ్ చేస్తుంటా. ఇంజన్ మీద గాలి గొట్టాలు, చిన్న ఫిట్టింగులు కావాలంటే రెసిన్ ప్రింటర్‌లో తీయొచ్చు, మామూలు ఫిలమెంట్ ప్రింటర్‌లో 1/24కి గీతలు కనబడతాయి, ఎంత రుద్దినా లోపలి మూలల్లో మిగులుతాయి. ఒకవేళ ఫిలమెంట్‌లోనే తీస్తే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వద్దు. అది 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. మా సీనియర్ ఒకతను పీఎల్ఏ చక్రాలతో మోడల్ చేసి, ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి సినిమాకు పోయాడు. వచ్చేసరికి నాలుగు చక్రాలూ నాలుగు దిక్కులు చూస్తున్నాయి.

ఆటోనగర్_రంగులు (కర్నూలు)
చెల్లెలు చెప్పింది కరెక్ట్, మన ఎండను తక్కువ అంచనా వేయొద్దు.

తమ్ముడూ, క్లియర్ కోటు, అదే రంగు మీద వేసే పారదర్శక పొర గురించి ఒక మాట మర్చిపోయా. మా వాళ్ళంతా 2కే క్లియర్ (హార్డనర్ కలిపి వేసేది) వేస్తే అద్దంలా వస్తుందంటారు. వస్తుంది. కానీ అసలు కారు మీద రంగు పొరలన్నీ కలిపి మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. దాన్ని 24తో భాగించు, ఎంతొస్తుంది? మనం ఎంత పలచగా వేసినా దానికి ఎన్నో రెట్లు మందం. మందంగా వేస్తే తలుపు సందులు పూడిపోతాయి, అంచులు గుండ్రమవుతాయి, బండి చక్కెర పాకంలో ముంచి తీసినట్టు అవుతుంది. అసలు కారులో నాలుగు మిల్లీమీటర్ల సందు నీ మోడల్‌లో మిల్లీమీటరులో ఆరో వంతు. అందుకని ప్రైమర్‌కు ముందే ఆ సందుల్ని సన్న బ్లేడు వెనక మొనతో ఒకటికి రెండుసార్లు లోతు చెయ్.

2కే వేస్తే మాత్రం మాస్కు. కరోనా అప్పటి గుడ్డ మాస్కు కాదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్నది. అందులో హార్డనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు పడితే ఆస్తమా వస్తుంది, ఒకసారి వస్తే మళ్ళీ ఆ వాసన తగిలినప్పుడల్లా వస్తుంది. మా లైన్లో ఇద్దరు ముగ్గురు పని మానేసింది దానివల్లే. ఇంట్లో పిల్లలుంటే 2కే మాటే వద్దు, మామూలు లాకర్ క్లియర్ రెండు పలచ పొరలు, తర్వాత 2000 పేపరు నీళ్ళతో, పాలిష్. మాస్టారు చెప్పిన లెక్కన ఆదివారం సాయంత్రం కారుకు అంత మెరుపు అక్కర్లేదు కూడా.

వాన పడే రోజు లాకర్ వేయొద్దు. తేమకు పొర తెల్లగా పాలిపోతుంది. మా తుంగభద్ర పక్కన ఆగస్టులో అదే గొడవ, మీకు అనంతపురంలో ఆ బాధ తక్కువే.

పెన్నగట్టు (అనంతపురం)
అందరికీ థాంక్స్. నల్ల ప్రైమర్ అయిపోయింది, తెల్లవారుజామున వేశా, నేల తడిపి. ఇంట్లో అమ్మ లేచి చూసి "ఈ టైంలో ఏం కళ్ళాపి రా" అంది. తేడా మాత్రం స్పష్టంగా తెలుస్తోంది.

కొత్త చిక్కు. తలుపుల మీద, ముక్కు మీద తెల్ల గుండ్రాలు, అందులో నంబరు 2. కిట్ డెకాల్ తెలుపు పలచన, ఒక ముక్క నలుపు మీద వేసి చూస్తే బూడిద రంగులో కనబడుతోంది. రెండు డెకాల్స్ ఒకదాని మీద ఒకటి వేయాలా?

కడపబండ (కడప)
వద్దు, మందం అవుతుంది, అంచు కనబడుతుంది. గుండ్రాన్ని రంగుతోనే వెయ్. కాంపస్ కట్టర్‌తో మాస్కింగ్ టేపులో రంధ్రం కోసి, చుట్టూ కాగితం కప్పి, తెలుపు పలచగా మూడు నాలుగు విడతలు. కోసేముందు టేపును ఆ నల్ల బండ మీదే అతికించుకో, బ్లేడు జారదు. నంబరు 2 మాత్రం కిట్ డెకాల్ నుంచి కత్తిరించి మీద వెయ్, నలుపు డెకాల్ ఎలాగూ చిక్కనే.

మూడడుగుల_దూరం (అనంతపురం)
చిన్న గుండ్రాలకు నా దగ్గర చిట్కా ఉంది, మూడడుగులోడినని తీసిపారేయకండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళు తెలుసు కదా. బొమ్మ నగల మీద అంత సన్న సన్న రంధ్రాలు కొట్టడానికి వాళ్ళ దగ్గర ఉలులు, పంచ్‌లు రకరకాల సైజుల్లో ఉంటాయి. మా ఇంటికి దగ్గర కాబట్టి ఒకాయన్ని అడిగి, ఎలా చేయించుకుంటారో కనుక్కుని, అలాంటివే కమ్మరి దగ్గర చేయించుకున్నా. మాస్కింగ్ టేపు, సన్న ప్లాస్టిక్ షీటు, అల్యూమినియం రేకు, ఏది కొట్టినా అంచు నలగకుండా గుండ్రంగా వస్తుంది. బాడీ మీద మూతలు బిగించే చిన్న బిళ్ళలు, అద్దం చుట్టూ రివెట్లు అన్నీ వాటితోనే. కింద చెక్క పెట్టాలి, బండ పెడితే పంచ్ మొన పోతుంది. కడపబండ గారు క్షమించాలి.

బురుజు_మాస్టారు (కర్నూలు)
మూడడుగుల గారు రివెట్లు లెక్కపెడుతున్నారు, ఈరోజు వాన పడే లక్షణాలు బాగా కనబడుతున్నాయి!

వాన అంటే గుర్తొచ్చింది. ముగింపు ఫోటోల్లో రోడ్డు తడిగా ఉంటుంది చూడండి. కాబట్టి మీ కారు మురికి కూడా తడి మురికి. చాలామంది ఏం చేస్తారంటే గోధుమ రంగు పొడి మొత్తం చల్లేస్తారు. అది మన పల్లె దారుల మురికి, ఎర్ర దుమ్ము, కంకర దారి. లె మాన్స్ రేసు జరిగే సార్త్ సర్క్యూట్ తారు రోడ్డు. అక్కడ బండికి అంటేది రబ్బరు పొడి, బ్రేకు మసి, నూనె తుంపర, ముక్కు మీద రాత్రంతా గుద్దుకున్న పురుగులు. రంగు గోధుమ కాదు, నలుపుకు దగ్గరి బూడిద. నల్ల కారు మీద అది దాదాపు కనబడదు, మెరుపు చచ్చిపోయినట్టు మాత్రమే తెలుస్తుంది. తెల్ల గుండ్రాల మీద, వెండి గీతల మీద కనబడుతుంది. కాబట్టి పని అక్కడ పెట్టండి. చక్రాల వెనక తలుపు కింది భాగం, వెనక నిలువు ముఖం, ఇవి ఎక్కువ. పైకప్పు తక్కువ.

ఒక్క చోట మాత్రం గమనించి చేయాలి, ముందు అద్దం. జీటీ40కి వైపర్ ఒకటే. అది తుడిచిన విల్లు ఆకారం శుభ్రంగా, చుట్టూ మురికి. వైపర్ ఇరుసు ఉన్నచోట కాంపస్ ముల్లు ఆనించినట్టు ఊహించుకుని, మాస్కింగ్ టేపులో విల్లు కోసి అద్దం మీద అతికించండి, పలచటి బూడిద రంగు దూరం నుంచి ఒక్క విసురు, టేపు తీసేయండి. అంచు మరీ పదునుగా ఉంటే థిన్నర్ కాదు, తడి దూదిపుల్లతో అక్కడక్కడ మెత్తపరచండి. వైపర్‌ను కూడా ఆ విల్లు అంచునే ఎక్కడో ఆపండి, మధ్యలో కాదు.

లేయర్‌లైన్ (అనంతపురం)
మాస్టారూ, ఇదే లెక్కన 1967 కారు కట్టేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఆ ఏడు గెలిచిన ఎర్ర ఫోర్డ్ మార్క్ 4లో డ్రైవరు డాన్ గర్నీ మరీ పొడుగు, హెల్మెట్ పట్టక పైకప్పులో బుడిపె పెట్టారు. బుడిపె లేకుండా 1వ నంబరు వేస్తే అది వేరే కారు.

ఆటోనగర్_రంగులు (కర్నూలు)
నాది పక్కదారి ప్రశ్న, అడ్మిన్ తిట్టొద్దు. నా దగ్గర 1988 జాగ్వార్ ఎక్స్‌జేఆర్-9 కిట్ ఉంది, ఊదా తెలుపు. డెకాల్స్‌లో సిగరెట్ కంపెనీ పేరే లేదు, ఖాళీ. పాడైన సెట్టా?

బురుజు_మాస్టారు (కర్నూలు)
పాడవలేదు. పొగాకు పేర్లు బొమ్మల పెట్టెల్లో వేయకూడదని కిట్ కంపెనీలే తీసేస్తాయి. పోర్షే 956 రాత్‌మన్స్ (అదీ సిగరెట్ కంపెనీయే) బండిదీ అదే కథ, 1982లో 1, 2, 3 నంబర్ల కార్లు అదే వరసలో మొదటి మూడు స్థానాలు తీసుకున్న అందమైన బండ్లు, కిట్‌లో మాత్రం పేరు సగం ఉంటుంది లేదా ఉండదు. విడిగా డెకాల్స్ అమ్మేవాళ్ళున్నారు, బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి. ఆ గొడవ వద్దనుకుంటే 1991 మాజ్దా 787బీ కట్టండి, నారింజ ఆకుపచ్చ, స్పాన్సర్ బట్టల కంపెనీ కాబట్టి తీసేయాల్సింది ఏమీ లేదు. నాలుగు రోటర్ల ఇంజన్, ఆ రకం ఇంజన్‌తో అక్కడ గెలిచింది అదొక్కటే. మీ చేతికి ఆ నారింజ బాగా వస్తుంది, కింద తెల్ల ప్రైమర్ వేయండి.

అడ్మిన్
జాగ్వార్, మాజ్దాలకు వేరే చర్చ మొదలుపెట్టండి సార్, ఇక్కడ జీటీ40 ఒక్కటే.

పెన్నగట్టు (అనంతపురం)
అప్‌డేట్. నలుపు అయింది, గీతలు అయ్యాయి, గుండ్రాలు రంగుతోనే వేశా, బూడిద రంగు బాధ పోయింది. ఎడమ తలుపు మీద ఒక నూగు ఉంది, 2000 పేపరుతో పోయింది. మాస్టారు లెక్కతో చూస్తే ముందు చక్రాలు దాదాపు ఒకటింపావు మిల్లీమీటరు పైకి ఉన్నాయి, కిట్‌లో ఇచ్చినట్టే అతికిస్తే. స్టబ్ యాక్సిల్ (చక్రం బిగించే పొట్టి ఇరుసు) కోసి కిందికి దించి మళ్ళీ పెట్టా. బండ మీద కాగితం పట్టీ నాలుగు టైర్ల కిందా పట్టుకుంటోంది.

మిగిలింది కుడి వెనక చక్రం. మధ్యలో నట్టు ఉన్నచోట ప్లాస్టిక్ గుంట పడి వచ్చింది, లప్పంతో ఆ ఆకారం రావట్లేదు. కడపబండ అన్నా, మంచిది ఎడమ చక్రం నీకు పంపిస్తే అచ్చు తీసి పెడతావా? రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తా.

కడపబండ (కడప)
వెయ్ తమ్ముడూ. దూదిలో చుట్టి గట్టి డబ్బాలో పెట్టు, కవర్లో వద్దు. రంగు వేసి ఉంటే తీసేసి పంపు, రంగు మందం కూడా అచ్చులో వస్తుంది. రెండు పోసి పంపుతా, ఒకటి స్పేర్. డబ్బా మీద నీ ఫోన్ నంబరు రాయి, ఇక్కడ పెట్టొద్దు, మెసేజ్ చెయ్.

మూడడుగుల_దూరం (అనంతపురం)
పెన్నగట్టూ, అయ్యాక ఒక ఆదివారం మా ఇంటికి తీసుకురా. నా నీలం 1వ నంబరు పక్కన పెట్టి ఫోటో తీద్దాం. మైల్స్ బండి ఒక వేలు ముందుంటుంది, ఇప్పుడే చెప్తున్నా.

బురుజు_మాస్టారు (కర్నూలు)
ఫోటో తీసేటప్పుడు దూరం నుంచి జూమ్ చేసి తీయండి, సెల్‌ఫోన్ దగ్గర పెట్టొద్దు. 3వ స్థానం బంగారు రంగు 5వ నంబరు ఎవరైనా కడితే నాకు చెప్పండి, నా దగ్గర ఆ కారు ఫోటోల ఫోల్డరు ఉంది.